బీబీసీ2లో మొట్టమొదట వచ్చిన కార్యక్రమం ఏది? (1964 ఏప్రిల్ 20: క్విజ్ తగువు)

#1 కూకట్‌పల్లి_క్విజ్

అందరికీ నమస్కారం. ఒక తగువు తీర్చిపెట్టాలి.

మా అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి ఆదివారం పొద్దున క్విజ్ పెడతాం. ప్రశ్నలు నావి, టిఫిన్లు కమిటీవి. మొన్న "పాత టీవీ" రౌండ్‌లో ఇలా అడిగాను: బ్రిటన్‌లో బీబీసీ2 ఛానల్‌లో మొట్టమొదట ప్రసారమైన కార్యక్రమం ఏది?

నా కార్డు మీద రాసుకున్న జవాబు "కిస్ మీ, కేట్". బి బ్లాక్ వాళ్లు "ప్లే స్కూల్" అన్నారు. ఏ బ్లాక్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు లేచి నిలబడి "రెండూ కాదు, వార్తలు" అన్నారు. నేను ఫోన్ తీసి రేడియో టైమ్స్ పత్రికలో ఆ రోజు కార్యక్రమాల పట్టిక చూపించాను. 1964 ఏప్రిల్ 20 సోమవారం, కిస్ మీ కేట్ అని అచ్చులో ఉంది. అయినా ఎవరూ వినలేదు. ఇడ్లీలు చల్లారాయి, చట్నీ అయిపోయింది, స్కోరు మాత్రం తేలలేదు. ఒకరేమో కరెంటు పోయిందంటారు, ఇంకొకరు కంగారూ అంటారు. అసలు ఆ రోజు జరిగిందేమిటి?

#2 నిఖార్సు

క్విజ్ మాస్టారూ, ముందు మీ కార్డు సంగతి. పట్టికనే ప్రమాణంగా తీసుకున్నా మీ జవాబు తప్పే. రాత్రి 7:20కి "లైన్-అప్" అనే పరిచయ కార్యక్రమం ఉంది. తర్వాత ఆల్బర్ట్స్ అనే హాస్య బృందం షో. సోవియట్ హాస్యనటుడు అర్కాడీ రైకిన్ కూడా ఉన్నాడు. కోల్ పోర్టర్ సంగీత నాటకం కిస్ మీ కేట్ వంతు లైన్-అప్, ఆల్బర్ట్స్ తర్వాతే, చివరికి బాణసంచా. అందులో పెద్ద వంట కేట్ కాబట్టి అందరికీ అదే గుర్తుండిపోయింది. మొదటి వడ్డన మాత్రం అది కాదు.

రెండోది, అసలు విషయం. ఆ సాయంత్రం పట్టికలో ఉన్నవాటిలో ఒక్కటీ ప్రసారం కాలేదు.

#3 లీడ్స్_డాక్టరు

నిఖార్సు గారు చెప్పింది నిజం. కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడ బ్రిటన్‌లో ఉంటున్నందుకు ఇదొక్కటైనా పనికొస్తుంది.

బీబీసీకి రెండో ఛానల్ ఇవ్వాలని 1962లో పిల్కింగ్టన్ కమిటీ సిఫారసు చేసింది. అప్పటికి బ్రిటన్‌లో ఉన్నవి రెండే, బీబీసీ, ప్రకటనలతో నడిచే ప్రైవేటు ఐటీవీ. ఐటీవీలో చౌకబారు సరుకు ఎక్కువైందని కమిటీకి కోపం. అందుకే మూడోది బీబీసీ చేతికొచ్చింది. రెండేళ్ల తయారీ తర్వాత 1964 ఏప్రిల్ 20న ముహూర్తం పెట్టారు.

ముహూర్తానికి అరగంట ముందు, సుమారు 6:45కి, లండన్ పడమటి వైపు చాలా భాగం చీకటైపోయింది. థేమ్స్ ఒడ్డున నాలుగు పొగగొట్టాల బ్యాటర్సీ పవర్ స్టేషన్ ఉంది కదా, అక్కడ మంటలు. వైట్ సిటీ దగ్గరున్న బీబీసీ టెలివిజన్ సెంటర్ కూడా ఆ చీకట్లోనే ఉండిపోయింది. స్టూడియోలు, కెమెరాలు, టేపు యంత్రాలు, ఏదీ కదల్లేదు. కొత్త ఛానల్ కోసం సూటూ బూటూ వేసుకుని వచ్చినవాళ్లంతా టార్చిలైట్లు వెతుక్కునే పరిస్థితి.

వార్తా విభాగం మాత్రం అప్పట్లో ఊరికి ఉత్తరాన, గుట్ట మీదున్న అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ఉండేది. అక్కడ కరెంటు ఉంది. బీబీసీ1ని అక్కణ్ణుంచే నడిపించారు. బీబీసీ2కి కూడా అక్కడి నుంచే, సుమారు 7:25కి, జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ అనే న్యూస్‌రీడర్ కనిపించి సంగతి చెప్పాడు. ఆ రాత్రి మధ్యమధ్యలో చిన్న బులెటిన్లు వచ్చాయి. పదింటిదాకా చూసి, ఇక కాదని మర్నాటికి వాయిదా వేశారు.

కాబట్టి మీ ఏ బ్లాక్ మాస్టారు ఉత్తినే లేచి నిలబడలేదు.

#4 బి_బ్లాక్_సపోర్టర్

మరి ప్లే స్కూల్? నేను బి బ్లాక్ కాదు లెండి, పేరు ఇప్పుడే పెట్టుకున్నా 😀

#5 లీడ్స్_డాక్టరు

అది మర్నాడు, ఏప్రిల్ 21 మంగళవారం, ఉదయం 11 గంటలకి. అప్పటికి కరెంటు వచ్చేసింది. చిన్నపిల్లల కార్యక్రమం ప్లే స్కూల్‌ను ఆ టైముకే వేద్దామని ముందే అనుకున్నారు. దాన్ని ముందుకు జరపలేదు, వెనక్కీ నెట్టలేదు. దాని ముందు రావాల్సినవన్నీ పడిపోవడంతో వరుసలో అదే మొదటిదైంది. పెద్దలకు వేసిన పీట మీద పసిపిల్ల వచ్చి కూర్చున్నట్టు.

అది 1988 వరకు నడిచింది. గుండ్రటిదో, చదరపుదో, పైన వంపుదో ఒక కిటికీ చూపించి, "ఇవాళ ఏ కిటికీలోంచి వెళ్దాం?" అని పిల్లల్ని అడిగేవాళ్లు. నాతో పనిచేసే ఒక నర్సమ్మకి అరవై దాటాయి. ఆవిడకి ఇప్పటికీ ఎలుగుబంట్ల పేర్లు, గుడ్డు బొమ్మ పేరు, అన్నీ నోటికి వచ్చు. మందు డోసు మాత్రం రెండుసార్లు చూసుకుని గానీ ఇవ్వదు.

#6 రిటైర్డ్_సబ్‌స్టేషన్

నేను 33 ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి దిగినవాణ్ణి. టీవీ సంగతి నాకు తెలియదు కానీ కరెంటు సంగతి వచ్చింది కాబట్టి దూరుతున్నాను.

ఒక్క స్టేషన్‌లో నిప్పంటుకుంటే సగం ఊరు ఎందుకు చీకటవుతుంది అని చాలామంది అడుగుతారు. పెద్ద స్టేషన్ ఒక్కసారిగా తప్పుకుంటే దాని లోడంతా పక్క లైన్ల మీద పడుతుంది. ఆ లైను అంత మోయలేదు, వేడెక్కుతుంది, రిలే అనే రక్షణ పరికరం దాన్ని కూడా కోసేస్తుంది. అది మోస్తున్నది ఇంకో లైను నెత్తి మీద పడుతుంది. పెళ్లిలో పందిరి గుంజ ఒకటి ఊడితే మిగతావి వరుసగా ఒరిగినట్టు. రిలేలు కోసేయడం తప్పు కాదు, కోయకపోతే ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. చీకటి పడిందంటే రక్షణ పనిచేసిందనే లెక్క. వినియోగదారుడికి ఇది చెప్తే కొట్టడానికి వస్తాడు, అది వేరే సంగతి.

అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో కరెంటు ఎందుకుందంటే, ఆ పక్క వేరే ఫీడర్ల మీద ఉండుంటుంది. 2012 జులైలో ఉత్తరాది గ్రిడ్ కూలి ఢిల్లీ మెట్రో రైళ్లు ఆగిపోయినప్పుడు హైదరాబాద్‌లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కదా. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాళ్లతో కలిసి నడవడం లేదు, 2013 డిసెంబరు 31న కలిపారు. విడిగా ఉండటంలోనూ ఒక్కోసారి లాభం ఉంటుంది.

#7 బి_బ్లాక్_సపోర్టర్

జనరేటర్ వేసుకోవచ్చు కదా సార్, అంత పెద్ద బీబీసీ? మా వీధి చివర ఫంక్షన్ హాల్‌కే రెండున్నాయి.

#8 రిటైర్డ్_సబ్‌స్టేషన్

ఫంక్షన్ హాల్లో మీకు ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు బాబూ. ఆ రోజుల్లో స్టూడియో దీపం ఒక్కోటి రెండు కిలోవాట్లు, ఐదు కిలోవాట్లు. ఒక స్టూడియో పైకప్పుకి అలాంటివి వందల్లెక్కన వేలాడతాయి. పైగా వాల్వుల కెమెరాలు, వాల్వుల యంత్రాలు, చల్లబరచడానికి ఏసీలు. అంత లోడుకి జనరేటర్ కావాలంటే ఇంకో చిన్న పవర్‌హౌస్ కట్టుకోవాలి.

#9 నీలం_డబ్బా

ఈ థ్రెడ్ నాకోసమే పుట్టినట్టుంది. నీలం డబ్బాలో కాలయానం చేసే బీబీసీ సీరియల్ డాక్టర్ హూ అంటే పిచ్చోణ్ణి, అందుకే ఈ పేరు.

ఇలాంటి ముహూర్త దోషం ఐదు నెలల ముందు బీబీసీకి ఇంకోటి తగిలింది. డాక్టర్ హూ మొదటి ఎపిసోడ్ 1963 నవంబరు 23 శనివారం. అంతకుముందు రోజే అమెరికాలో కెనెడీ హత్య. ఎపిసోడ్ 80 సెకన్లు ఆలస్యంగా మొదలైంది. దేశమంతా వార్తల్లో మునిగి ఉంటే డబ్బాలో కాలయానం ఎవరు చూస్తారు? దాంతో తర్వాతి శనివారం మొదటి ఎపిసోడ్‌నే మళ్లీ వేసి, వెనకే రెండోది వేశారు.

ఇంకో సందేహం. ఆ రాత్రి ప్రీస్ట్‌లాండ్ వార్తలు చదివిన రికార్డింగ్ ఉందా? అప్పట్లో బీబీసీ టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేది. డాక్టర్ హూ ఎపిసోడ్లు అలాగే తొంభైకి పైగా పోయాయి, నా కడుపుమంట మీకు తెలియంది కాదు.

#10 నిఖార్సు

ఉంది. చాలా ఏళ్లు లేదనే అనుకున్నారు. 2003 మొదట్లో ఒక వీడియో టేపు బయటపడింది. మీ డాక్టర్ హూ ఎపిసోడ్లు పోయాయి, కరెంటు పోయిందన్న వార్త మాత్రం మిగిలింది. భద్రంగా దాచుకోదగ్గవేవో మనుషులకి ముందుగా తెలియదు, టేపు ఖరీదు మాత్రం ముందే తెలుస్తుంది.

#11 గాజుల_రామారం_గృహిణి

కంగారూ సంగతి ఎవరూ చెప్పడం లేదేంటి? నేను దానికోసమే చదువుకుంటూ వచ్చాను.

#12 లీడ్స్_డాక్టరు

అమ్మా, చెప్తాను. కొత్త ఛానల్ ప్రచారానికి రెండు బొమ్మ కంగారూలు పెట్టుకున్నారు. తల్లి పేరు హల్లబలూ, సంచిలోని పిల్ల పేరు కస్టర్డ్. బీబీసీ1 తల్లి, దాని సంచిలోంచి తల బయటపెట్టిన పిల్ల బీబీసీ2 అని భావం. పోస్టర్ల మీద ఇవే ఉండేవి. ప్రారంభం రోజు నిజం కంగారూనే స్టూడియోకి తెచ్చారనీ, కరెంటు పోవడంతో అది లిఫ్ట్‌లో ఇరుక్కుపోయిందనీ ఒక కథ ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. బీబీసీ పాత ఉద్యోగులకి ఇది ఎంతో ఇష్టమైన కథ.

#13 గాజుల_రామారం_గృహిణి

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కిందటి ఎండాకాలం నేను, మా పిల్ల, ఒక గ్యాస్ సిలిండరు, దాన్ని తెచ్చిన అబ్బాయి నలభై నిమిషాలు ఇరుక్కుపోయాం. ఎనిమిదో నిమిషానికి ఆ అబ్బాయి చెప్పులు విప్పి మూల కూర్చున్నాడు. పిల్ల నా చున్నీ నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టింది. కంగారూ కూడా ఉండుంటే ఏమయ్యేదో!

#14 కూకట్‌పల్లి_క్విజ్

కంగారూని తర్వాతి క్విజ్‌కి తీసుకుంటున్నాను, ఎవరూ కాపీ కొట్టొద్దు.

ఒక అనుమానం. ఇంత గొడవ జరిగిందిగా, ఆ రాత్రి ఇళ్లలో జనం ఎంతమంది నిరాశపడ్డారు?

#15 లీడ్స్_డాక్టరు

ఆ మాట అడిగారు, బాగుంది. తక్కువమందే. ఎందుకో చెప్తాను, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

టీవీ బొమ్మ అడ్డగీతలతో ఏర్పడుతుంది. బీబీసీ1, ఐటీవీ అప్పట్లో 405 గీతల పద్ధతిలో వీహెచ్‌ఎఫ్ అనే తరంగాల మీద వచ్చేవి. బీబీసీ2ని మాత్రం 625 గీతలతో యూహెచ్‌ఎఫ్ అనే వేరే తరంగాల మీద పెట్టారు. బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంటుంది. కానీ పాత టీవీలో రాదు. రెండు పద్ధతులూ ఉన్న కొత్త సెట్టు కొనాలి, ఇంటిమీద కొత్త యాంటెన్నా ఎత్తాలి. అదీ లండన్ చుట్టుపక్కల వాళ్లకే, క్రిస్టల్ ప్యాలెస్ టవర్ సిగ్నల్ అందినంత మేర. బర్మింగ్‌హామ్‌కి ఆ డిసెంబరులో గానీ రాలేదు. మా లీడ్స్ వైపు అసలు అడగొద్దు.

నేను ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో లండన్ శివార్లలో ఒక ముసలాయన ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాను. ఆ పాత సెట్టు ఆయన పారేయలేదు, గరాజ్‌లో బొంత కప్పి ఉంచాడు. ముందు పక్కన పెద్ద మీట, ఒక వైపు 405, రెండో వైపు 625. తిప్పితే లోపల "ఠప్" మని చప్పుడు. అది కొన్నప్పుడు ఆయనకి కొత్తగా పెళ్లయింది. ఆ సోమవారం సాయంత్రం భార్య వద్దంటున్నా పక్కింటి వాళ్లిద్దర్నీ పిలిచాడట, కొత్త ఛానల్ చూద్దురుగానీ రండి అని. వాళ్ల వీధిలో కరెంటు ఉంది. మీట 625కి తిప్పాడు, ఏమీ లేదు. యాంటెన్నా పెట్టినవాడు మోసం చేశాడనుకుని చీకట్లో నిచ్చెన వేసుకుని ఇంటి కప్పెక్కాడు. కాసేపటికి లోపల్నుంచి భార్య అరిచింది, "దిగిరా, టీవీలో ఒకాయన వచ్చి కరెంటు లేదంటున్నాడు" అని. "మనింట్లో ఉందిగా" అని ఈయన కప్పు మీద నుంచి. పక్కింటివాళ్లు టీ తాగేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాళ్లు ఈయన్ని "ఏమండీ, మీ ఛానల్ వచ్చిందా?" అనే పలకరించేవారట.

#16 రిటైర్డ్_సబ్‌స్టేషన్

"మనింట్లో ఉందిగా"! డాక్టరు గారూ, కంప్లైంట్ ఫోన్లలో నా సర్వీసంతా విన్న మాట ఇది. పక్కవీధిలో ఉందిగా, మరి మాకెందుకు లేదు అని.

#17 ఢిల్లీ_కరోల్‌బాగ్

చిన్న చేర్పు. అదే రోజున మన దేశంలో టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే. 1959 సెప్టెంబరు 15న ప్రయోగంగా మొదలైంది, రోజువారీ ప్రసారాలు 1965లో గానీ రాలేదు. హైదరాబాద్ కేంద్రం 1977లో. మధ్యలో 1975-76లో ఏడాది పాటు సైట్ అని ఉపగ్రహ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో నేరుగా టీవీ పెట్టారు, వాటిలో మన తెలుగు ఊళ్లూ ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు ముందు వందలమంది కింద కూర్చుని ఒక్క పెట్టెను చూసేవాళ్లు. లండన్‌లో రెండో ఛానల్ రాలేదని బాధపడుతున్నప్పుడు మనకి మొదటిదే లేదు, అంతే.

#18 నిఖార్సు

క్విజ్ ప్రశ్నకి తిరిగి వస్తే, ఇందులో చిక్కంతా "కార్యక్రమం" అన్న మాటలో ఉంది. బులెటిన్ కార్యక్రమమా కాదా? అలా అయితే ప్రారంభానికి ముందు నెలల్లో క్రిస్టల్ ప్యాలెస్ నుంచి పరీక్షా ప్రసారాలు కూడా వచ్చాయి, టీవీ షాపుల వాళ్లు సెట్లు సరిచూసుకోవడానికి. వాటినీ లెక్కెయ్యాలా? బీబీసీ అధికారికంగా మొదటిదిగా చెప్పేది ప్లే స్కూల్‌నే. తెర మీద మొదట కనిపించింది ప్రీస్ట్‌లాండ్. పట్టికలో మొదట ఉన్నది లైన్-అప్.

అచ్చు పట్టికని నమ్మడం గురించి కూడా ఒక మాట. బీబీసీ వాళ్లు 1923 నుంచి రేడియో టైమ్స్ పట్టికలన్నీ జీనోమ్ పేరుతో నెట్‌లో పెట్టారు. గొప్ప పని. కానీ అది శుభలేఖ లాంటిది. శుభలేఖలో ముహూర్తం 7:20 అని ఉంటుంది. తాళి ఎప్పుడు కట్టారో పెళ్లికి వెళ్లినవాణ్ణి అడగాలి.

అలాంటి పొరపాటు కథ ఇంకోటుంది. 1939 సెప్టెంబరు 1న యుద్ధం వస్తోందని బీబీసీ టీవీని ఆపేసింది. మిక్కీ మౌస్ కార్టూన్ సగంలో ఉండగా ఆపేశారని, 1946లో మళ్లీ అక్కణ్ణుంచే మొదలెట్టారని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. నిజానికి కార్టూన్ పూర్తయింది. తర్వాత సెట్లు సరిచేసుకునే సంకేతాలు వేసి మూసేశారు. 1946 జూన్ 7న తిరిగొచ్చినప్పుడు అదే కార్టూన్‌ను మొదటి నుంచి వేశారు. అంతవరకే నిజం.

#19 నీలం_డబ్బా

నిఖార్సు గారూ, మీరు పెళ్లిళ్లకి వెళ్తే తాళి టైము రాసుకుంటారా 😀

#20 నిఖార్సు

రాసుకుంటాను. మా ఇంట్లో రెండు డైరీలున్నాయి.

#21 లీడ్స్_డాక్టరు

21వ తేదీ సాయంత్రం సంగతి మిగిలిపోయింది. వాయిదా పడినవి చిన్న చిన్న మార్పులతో అన్నీ వేశారు. ప్రసారం ఎలా మొదలైందంటే, తెర మీద ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. డెనిస్ టూహీ అనే వ్యాఖ్యాత దాన్ని ఉఫ్‌మని ఊది ఆర్పి మొదలెట్టాడు. క్షమాపణల ఉపన్యాసం కంటే ఇది వెయ్యిరెట్లు నయం. తమ మీద తామే వేసుకున్న జోకు కాబట్టి జనం క్షమించేశారు.

అన్నట్టు, 20 రాత్రి ఇంకో పెద్దమనసు కూడా జరిగింది. ఐటీవీలో భాగమైన అసోసియేటెడ్ రీడిఫ్యూజన్ కంపెనీ "కావాలంటే మీ కార్యక్రమాలు మా దగ్గర్నుంచి ప్రసారం చేస్తాం" అంది. శత్రువుల ఇంట్లోంచి సాయం! బీబీసీ వద్దంది. నాకైతే ఒప్పుకుని ఉండాల్సింది అనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి వాళ్లని చౌకబారు అని తిట్టించి, గృహప్రవేశం నాడు వాళ్లింట్లో దీపం పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

సబ్‌స్టేషన్ గారికి ఒక కబురు. ఆ బ్యాటర్సీ స్టేషన్ ఇప్పుడు షాపింగ్ మాల్, 2022లో తెరిచారు. కిందటేడు వెళ్లాను. పాత కంట్రోల్ రూముల్లో ఒకదాన్ని బార్ చేశారు. మీటర్లు, డయళ్లు, మీటలు అలాగే ఉంచి మధ్యలో కుర్చీలు వేశారు.

#22 రిటైర్డ్_సబ్‌స్టేషన్

కంట్రోల్ రూములో మందా! మా రోజుల్లో షిఫ్టులో సిగరెట్ వెలిగించినా చార్జ్ మెమో ఇచ్చేవాళ్లు. డయళ్ల ఫోటో ఉంటే పెట్టండి. ముల్లు ఎక్కడ ఆగిపోయిందో చూడాలి.

#23 గాజుల_రామారం_గృహిణి

తర్వాత ఆ ఛానల్ నిలబడిందా మరి?

#24 నీలం_డబ్బా

నిలబడిందండీ, మెల్లగా. మొదట వారంలో ఒక్కో రోజుకి ఒక్కో రకం అని పెట్టుకున్నారు, మంగళవారమంతా చదువు, అలా. ఏ సరుకు ఎక్కడుందో తెలుస్తుంది కానీ నచ్చని రోజున జనం అటు తొంగి కూడా చూడరు. కొద్ది నెలల్లో వదిలేశారు. 1965లో డేవిడ్ అటెన్‌బరో, అవును, జంతువుల డాక్యుమెంటరీల ఆయనే, ఈ ఛానల్‌కి అధిపతిగా వచ్చాడు. 1967 జులై 1న వింబుల్డన్ టెన్నిస్‌తో యూరప్‌లో మొదటి రెగ్యులర్ కలర్ ప్రసారాలు ఇందులోనే మొదలయ్యాయి. 625 గీతల కోసం ఆ ముసలాయన కప్పెక్కిన కష్టం వృథా కాలేదు, ఆ కలర్ వచ్చిందీ ఈ కొత్త గీతల మీదే.

#25 కూకట్‌పల్లి_క్విజ్

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం కమిటీ ముందు ఈ థ్రెడ్ చదివి వినిపించాను. తీర్పు: బి బ్లాక్‌కి పది మార్కులు, ఏ బ్లాక్ మాస్టారికి ఐదు, నాకు హెచ్చరిక. కార్డు మార్చేశాను. కొత్త ప్రశ్న ఇదీ: "1964 ఏప్రిల్ 21 సాయంత్రం బీబీసీ2 ప్రసారం మొదలెడుతూ వ్యాఖ్యాత దేన్ని ఊది ఆర్పాడు?" ఇందులో గొడవకి తావు లేదనుకుంటా.

#26 నిఖార్సు

"ఆ రోజు సాయంత్రపు ప్రసారం" అని మార్చండి. మొదలైంది పొద్దున 11కి.